అప్పనపల్లిలో 38 షాట్లు

సినిమా అనే మాట వినగానే మన ఇండ్లలో పెద్దవారు ఇప్పటికీ కొంచెం ముఖం ముడుచుకుంటారు. మేము పెరిగిన ఇండ్లలోనూ అంతే. చిన్నతనంలో మమ్మల్ని అడ్డు చెప్పకుండా చూడనిచ్చిన సినిమా ఒక్కటే, 'కరుణామయుడు'. 1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రాన్ని మేము హాలులో చూడలేదు. క్రిస్మస్ రోజులలో చర్చి ఆవరణలో రెండు కొబ్బరిచెట్ల మధ్య తెల్లగుడ్డ బిగించి, ప్రొజెక్టరు పెట్టి వేస్తే చాపల మీద కూర్చుండి చూశాము. చోటు చాలనివారు తెరకు వెనుకవైపు కూర్చునేవారు. వారికి బొమ్మ కుడిఎడమలై కనిపించేది. అయినా అటు కూర్చున్నవారూ ఏడ్చేవారు, ఇటు కూర్చున్నవారూ ఏడ్చేవారు.

అటువంటి మేము, భార్యాభర్తలం ఇద్దరం, ఒక వేసవిలో ఆరుగురు పిల్లలను కూర్చోబెట్టుకొని సినిమా తీయడం ఎలాగో నేర్పించామంటే మా వాళ్ళు నవ్వారు. నేర్పించామనడం పెద్దమాటే. మా ఇద్దరిలో ఒకరు హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరైనవారు, మరొకరు పదేళ్ళపాటు పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేసినవారు. ఎవరు ఏదో పాఠకులు ఊహించుకోవచ్చును. సాధారణంగా అందరూ తప్పుగానే ఊహిస్తారు.

ఊరు అప్పనపల్లి. కోనసీమలో మామిడికుదురు మండలం, వైనతేయ గోదావరి ఒడ్డు. బాల బాలాజీ గుడికి వచ్చే యాత్రికుల వలన ఆ పేరు దూరప్రాంతాల వారికి కూడా తెలుసు. మాకు మాత్రం అది బంధువుల ఊరు. సెలవులకు వెళితే చుట్టాల పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు కలిసి ఇంటర్, డిగ్రీ చదివేవారు ఆరుగురు తేలారు. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళు అప్పటికే ఫోనుతో ఒక షార్ట్ ఫిల్మ్ తీసి ఉన్నారు. మాకు చూపించారు. మొత్తం 4 నిమిషాలు. అందులో 3 నిమిషాలు ఒక కుర్రవాడు ఏటిగట్టు మీద నెమ్మదిగా నడుస్తూనే ఉన్నాడు, వెనుక పాట.

"ఎందుకు నడుస్తున్నాడు?" అని అడిగాము.

"బాగుంటాదనండి, మేస్టారూ."

"ఎక్కడికి వెళ్తున్నాడు?"

ఆ సంగతి వాళ్ళు అనుకోలేదు. అక్కడ మొదలైంది మా బడి.

ప్రతిపదార్థం

పదిహేను రోజులు ఎవ్వరూ ఏమీ తీయకూడదని షరతు పెట్టాము. పిల్లలకు అది మింగుడు పడలేదు. సినిమా నేర్చుకోవాలంటే తీయాలి గదా అన్నారు. వంట నేర్చుకోవాలంటే ముందు రుచి తెలియాలి గదా అన్నాము మేము.

తెలుగు క్లాసులో పద్యం ఇచ్చి ప్రతిపదార్థం రాయమంటారు. ఒక్కొక్క మాటా విడదీసి, దాని అర్థం రాసి, ఆ తరువాతే తాత్పర్యం. ముందే తాత్పర్యం రాసేస్తే మార్కులు రావు. సినిమాకు కూడా అదే చేయించాము. సినిమాలో మాట వంటిది షాట్. కెమెరా తెరిచినప్పటి నుండి మూసేవరకు పడిన బొమ్మ ఒక షాట్. తెర మీద చూసేవారికైతే ఒక అతుకు నుండి మరొక అతుకు వరకు ఉన్న ముక్క. ఐదు నిమిషాల సన్నివేశం తీసుకొని, ముందు శబ్దం పూర్తిగా తీసేసి, ఒక్కొక్క అతుకు దగ్గర ఆపుతూ పొడుగు నోటుబుక్కులో గడులు గీసి రాయాలి. షాట్ నంబరు, ఎన్ని సెకన్లు, దూరం నుండా దగ్గర నుండా, కెమెరా కదిలిందా, ఎవరు ఎటువైపు చూస్తున్నారు. చివరి గడి పేరు 'ఇక్కడే ఎందుకు తెంచారు?' ఆ గడి నింపడానికే ప్రాణం పోతుంది. శబ్దం ఆ తరువాత, రెండవసారి చూసేటప్పుడు.

మొదటి రోజు ఒక కుర్రవాడు తనకు ఇష్టమైన ఫైటు ఎంచుకున్నాడు. రెండు గంటలు కూర్చొని నూటయాభై దాటాక లెక్క తప్పి పుస్తకం మూసేశాడు. "ఒక్కో షాటూ సెకను కూడా లేదండి, ఎవడు ఎవణ్ణి కొట్టాడో కనపడ్డం లేదు" అన్నాడు ఆశ్చర్యంగా. అదే ఫైటు ఇరవైసార్లు చూశాడట, అంతకుముందు ఎప్పుడూ ఆ సంగతి తోచలేదు.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో మొదలైంది. అక్కడ సతీష్ బహదూర్ అనే ఆచార్యుడు 'పథేర్ పాంచాలి'ని షాట్ షాట్‌గా విప్పి తరతరాల విద్యార్థులకు పాఠం చెప్పారు. ఆ చిత్రం తీసిన సత్యజిత్ రాయ్ ఏ సినిమా బడిలోనూ చదవలేదు. ఏదైనా కథ సినిమాగా రాబోతున్నదని తెలిస్తే, అది రాకముందే తానైతే ఎలా తీస్తాడో రాసిపెట్టుకొని, వచ్చిన తరువాత రెండూ పోల్చి చూసుకునేవాడు. పల్లెటూరి పిల్లలకు ఇంతకంటే చవకైన చదువు ఏముంటుంది? కాగితం, కలం, ఓపిక ఉంటే చాలు.

ఓపిక విషయంలో మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డాము.

రేవులో 50 సెకన్లు

మూడవ వారం ఫోన్లు తిరిగి ఇచ్చాము, ఇంకొక షరతుతో. 1895లో పారిస్‌లో లూమియేర్ సోదరులు జనానికి చూపిన తొలి చిత్రాలు ఒక్కొక్కటి సుమారు 50 సెకన్లు, ఒకే షాట్. కెమెరా ఒకచోట నిలబడి ఉంటుంది, లోకమే దాని ముందు కదులుతుంది. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలులో మనదేశం వారు మొదట చూసినవి కూడా అటువంటివే. కనుక ప్రతివారూ ఏటి ఒడ్డుకు వెళ్ళి, ఫోనును రాయికో చెట్టుకో ఆనించి, చేయి తీసేసి, 50 సెకన్లు మాత్రమే తీసుకు రావాలి. పాట లేదు, అతుకు లేదు.

ఆరుగురు ఆరు తెచ్చారు. అందులో ఐదు మామూలువి. ఆరవది ఒక అమ్మాయి తెచ్చింది. వలవాళ్ళ నాటుపడవ ఒకటి ఒడ్డున కట్టి ఉంది, అది అలకు లేచి దిగుతోంది. 30 సెకన్ల వరకు ఏమీ జరగదు. అప్పుడు ఎడమవైపు నుండి ఒక కుక్క వచ్చి పడవలోకి ఎక్కి, ముందుకాళ్ళు అంచు మీద పెట్టి ఏటి అవతలకి చూస్తూ నిలబడుతుంది. అంతే. మేము దానిని నాలుగుసార్లు చూశాము. నడక సినిమా తీసిన కుర్రవాడు "ఈ కుక్క ఎక్కడికెళ్ళాలో దీనికి తెలుసండి" అన్నాడు. మాకు ఆ వేసవిలో అంతకంటే సంతోషం కలిగించిన మాట లేదు.

తరువాతి పాఠానికి మాస్కో వెళ్ళవలసి వచ్చింది. 1917 విప్లవం తరువాతి సంవత్సరాలలో రష్యాలో ముడిఫిల్ముకు కరువు. కులెషోవ్ అనే కుర్ర ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో ఫిల్మ్ లేకుండానే సినిమాలు ఆడించాడు. వేదిక మీదనే షాట్లుగా విడదీసి నటించేవారు. ఆయన పేరు నిలిచినది మరొక ప్రయోగం వలన. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, ఒకే ముక్క. దాని ప్రక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీ. చూసినవారు అతడి ఆకలిని, దుఃఖాన్ని, మోహాన్ని మెచ్చుకున్నారని చెబుతారు. ముఖం మాత్రం మారలేదు.

మేమూ చేసి చూద్దామనుకున్నాము. ప్రక్క ఇంటిలో తొమ్మిదేళ్ళ బాబు ఒకడు రోజూ మా చుట్టూ తిరుగుతుండేవాడు. వాడిని వసారాలో కూర్చోబెట్టి, చూరు మీది కాకిని చూడమని చెప్పి, ఆరు సెకన్లు ముఖం తీశారు. ఆ ముక్క ప్రక్కన పళ్ళెంలో తాటిముంజలు అతికిస్తే అందరూ నవ్వారు. తాళం వేసిన తలుపు అతికిస్తే నవ్వు ఆగింది. మంచం మీద మోగని ఫోను అతికించారు. ఒక అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది. వాడు చూసింది కాకినే గదా అని మేము సర్దిచెప్పబోయాము. ఆ అమ్మాయి వెళ్ళడానికి కారణం మాకు తరువాత తెలిసింది.

కథ దొరికిన సంగతి

కథ కోసం పిల్లలు చాలా దూరం తిరిగారు. మొదట 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండిన సంగతి తీద్దామన్నారు. వాళ్ళెవరూ అప్పటికి పుట్టనే లేదు, ఇండ్లలో చెప్పగా విన్నదే. తరువాత 1996 నవంబరు తుపాను. రెండూ మూడు ఫోన్లతో, ఆరుగురితో అయ్యే పని కాదు. అంత మంట ఎక్కడ తెస్తారు, అంత గాలి ఎక్కడ తెస్తారు?

డబ్బు లేదు గనుక మనవల్ల కాదని ఒకడు నీరసపడ్డాడు. వాడికి కాకినాడ సి. పుల్లయ్యగారి సంగతి చెప్పాము. 1920లలో మద్రాసులో ఆర్. ఎస్. ప్రకాశ్ దగ్గర పని నేర్చుకొని, కెమెరాతో సొంత ఊరికి వచ్చి, కాకినాడలోనే 'మార్కండేయ' మూకీ తీసిన మనిషి ఆయన. యముడి వేషం కూడా తానే వేశారు. అదే పుల్లయ్యగారు 1934లో ఇద్దరు పిల్లలను ప్రధానంగా పెట్టి తీసిన 'లవకుశ' టాకీ కోసం జనం బండ్లు కట్టుకొని వెళ్ళారు. ఇంకా దగ్గరగా చెప్పాలంటే ఆత్రేయపురం మండలం పులిదిండి ఉంది. బాపుగారు అంతకుముందు ఒక్క సినిమాకూ దర్శకత్వం చేయకుండానే 1967లో 'సాక్షి'ని ఆ ఊరిలో తీశారు, ముళ్ళపూడి వెంకటరమణగారి రాత. బల్లకట్టు నడిపే అమాయకుడు ఒక హత్యకు సాక్ష్యం చెప్పి చిక్కులలో పడే కథ. బాపుగారికి ఉన్న బలం ఒక్కటే, గీత. తీయబోయే ప్రతి షాటునూ ముందు కాగితం మీద బొమ్మ వేసుకొనేవారు. స్టోరీబోర్డు అంటారే, అదే.

అప్పుడు మౌనంగా ఉన్న అమ్మాయి నోరు తెరిచింది, ఫోను బొమ్మ చూసి లేచిపోయిన అమ్మాయే. "మా పక్కింటి బాబు శుక్రవారం రాత్రి పన్నెండున్నర దాకా పడుకోడండి" అన్నది.

పాఠకులకు తెలియనిది కాదు. కోనసీమలో ఎన్నో ఇండ్లలో తల్లి కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటిపనిలో ఉంటుంది. పిల్లలు అమ్మమ్మల దగ్గర, మామ్మల దగ్గర పెరుగుతారు. ఆమె పంపిన డబ్బుతో పెంకుటిల్లు స్లాబు అవుతుంది, పెద్దపిల్ల నర్సింగు చదువుతుంది. ఆ బాబు తల్లి కువైట్‌లో ఉన్నది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఆమెకు పని తెమిలేసరికి అక్కడ రాత్రి పది, ఇక్కడ పన్నెండున్నర. తండ్రి కొబ్బరి దింపు పనికి వెళ్ళి అలసి నిద్రపోతాడు. బాబు మాత్రం ముఖం కడుక్కుంటూ, అరుగు మీద అటూఇటూ తిరుగుతూ మేలుకొని ఉంటాడు. చాలాసార్లు సరిగ్గా పన్నెండింటికి నిద్రపోతాడు.

పిల్లలు దానినే కథ చేశారు. పుట్టినరోజు నాడు అమ్మ ఫోను కోసం మేలుకొని ఉండాలని ఒక బాబు పట్టుబడతాడు. నిద్రపోతాడు. ఫోను వస్తుంది. అమ్మమ్మ వాడిని లేపదు. ఫోనును వాడి ముఖం వైపు తిప్పి పట్టుకుంటుంది, అవతల తల్లి చూస్తుంది. మాటలు దాదాపు లేవు. పాత పరీక్ష పేపర్ల వెనుక బొమ్మలు గీశారు. 61 షాట్లు వచ్చాయి. తల్లికి ముందుగా ఫోను చేసి, సంగతి అంతా చెప్పి, ఆమె ఒప్పుకున్న తరువాతే పని మొదలుపెట్టాము. నటించేది ఆ బాబు, వాడి అమ్మమ్మ. వేరే వాళ్ళను వెతికాము గాని, వాడిలాగ ఆవులించేవాడు దొరకలేదు.

తీత

తీత తొమ్మిది రోజులు పట్టింది. రోజుకు ఉదయం రెండు గంటలు, సాయంత్రం గంట. కొబ్బరితోటలో పగలు తీయడం ఎంత కష్టమో అక్కడివారికి కూడా తెలియదు. ఆకుల సందున ఎండ మచ్చలు మచ్చలుగా పడి, ముఖం సగం తెల్లగా సగం నల్లగా వస్తుంది. తెల్లదుప్పటిని పైన పందిరిలాగ పట్టుకొంటే ఎండ మెత్తబడింది. ఫోను తనంతట తానే వెలుగు మార్చేసుకుంటుంటే, తెర మీద వేలు నొక్కిపట్టి స్థిరం చేయడం నేర్చుకున్నారు. ఒకసారి మంచి షాట్ నడుస్తుండగా అప్పు కావాలా అని ఏదో బ్యాంకు ఫోను వచ్చింది. అప్పటి నుండి ఫ్లైట్ మోడ్. రాత్రి సన్నివేశాలు రాత్రి తీస్తే బొమ్మ ఇసుక చల్లినట్లు వచ్చింది. సూర్యుడు దిగిన తరువాత ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండే పావుగంట లోపల తీస్తే రాత్రిలాగే కుదిరింది. ఆ పావుగంట కోసం ఆరు రోజులు కాచుకున్నాము.

రెండవ రోజు తీసినదంతా పనికిరాకుండా పోయింది. బాబు, అమ్మమ్మ ఎదురెదురుగా కూర్చొని అన్నం తింటున్న సన్నివేశం. అతికి చూస్తే ఇద్దరూ ఒకే గోడ వైపు చూస్తూ తింటున్నట్లు ఉంది. తప్పు ఎక్కడో వాళ్ళే గడులు గీసి పట్టుకున్నారు. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక తాడు కట్టి ఉన్నదనుకోవాలి. కెమెరా తాడుకు ఒకవైపే ఉండాలి. దాటి అవతలికి వెళితే కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. 'కరుణామయుడు' తెర వెనుక కూర్చున్నవారి సంగతి అప్పుడు చెబితే పిల్లలకు వెంటనే అర్థమైంది. మరునాడు నిజంగానే నులకతాడు ఒకటి నేలమీద పరిచి పెట్టారు.

కాయల రాశి సంగతి కూడా చెప్పాలి. పెరటిలో దింపిన కొబ్బరికాయలు పెద్ద రాశిగా ఉంటే, దాని ముందు బాబును కూర్చోబెట్టి సగం సన్నివేశం తీశారు. తెల్లవారి వెళితే రాశి లేదు! లారీ వచ్చి వేసుకొని పోయింది. పిల్లలు తలలు పట్టుకున్నారు. 1952 అక్టోబరులో రాయ్ తన సినిమాకు తొలి షాట్లు రెల్లుపూల మైదానంలో తీసి, వారం తరువాత వెళ్ళేసరికి పశువులు పూలన్నీ మేసి ఉన్నాయి. మళ్ళీ పూసేవరకు ఆగవలసి వచ్చింది. మాకు అంత ఓపిక లేదు, సెలవులు అయిపోతున్నాయి. మిగిలిన సగం దగ్గర షాట్లుగా మార్చి, వెనుక గోడ తప్ప ఏమీ కనిపించకుండా తీసేశారు. అది ఇంకా బాగుంది.

ఏడుపు షాట్

గొడవ ఏడవ రోజున వచ్చింది. 54వ షాట్ దగ్గర బాబు ఏడవాలి. సాయంత్రం ఫోను రాదేమోనన్న భయంతో అరుగు మీద కూర్చొని ఏడుస్తాడు, క్లోజప్. వాడికి ఏడుపు రాలేదు. కంటిలో ఉల్లిరసం, గ్లిజరిన్ వద్దన్నాము. అప్పుడు మాలో చురుకైన కుర్రవాడు, మొదట ఫైటు లెక్కపెట్టినవాడే, ఒక ఉపాయం చెప్పాడు. రేపు శుక్రవారం. వాళ్ళమ్మ నిజంగానే చేస్తుంది. ఫోను రాదని అబద్ధం చెబుదాం, కెమెరా పెట్టి ఉంచుదాం. "ఒక్క నిమిషమే అండి. తర్వాత చెప్పేద్దాం. నిజం కన్నీళ్ళండి, ఏ సినిమాలోనూ ఉండవు."

మేము వెంటనే వద్దని అనలేదు. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి. పెళ్ళి వీడియోలలో అప్పగింతల సమయాన పెళ్ళికూతురి కన్నీటి చుక్క కోసం కెమెరా ఎంతెంత దగ్గరకు పోతుందో మా ఇంట్లో ఒకరికి బాగా తెలుసు. ఆ చుక్క దొరికితేనే వీడియో బాగుందంటారు. ఆ కుర్రవాడు చెప్పిన షాట్ మా కంటి ముందు కూడా ఒక క్షణం మెరిసింది.

అమ్మమ్మ గడపలో కూర్చొని చీపురు పుల్లలు చీరుతోంది. తల ఎత్తకుండానే అన్నది. "ఆడేడిత్తంటే ఆళ్ళమ్మ సూడ్డానికా బాబూ, ఈ సినిమా? అక్కడ పన్జేసుకోవద్దేటి అది?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం తీత ఆపేశాము. చీకటి పడ్డాక, ఏమి చేయాలో తెలియక, 'పథేర్ పాంచాలి'లో ఇదివరకు గడులు గీసిన సన్నివేశమే మళ్ళీ పెట్టాము. ఊరు వెళ్ళిన తండ్రి చాలాకాలానికి తిరిగి వస్తాడు. కూతురు చనిపోయిన సంగతి అతడికి తెలియదు. తెచ్చినవి ఒక్కొక్కటి తీసి చూపిస్తూ కూతురి కోసం తెచ్చిన చీర భార్య చేతికి ఇస్తాడు. ఆమె బిగపట్టుకున్నదంతా తెగిపోతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది గాని ఆ ఏడుపు మనకు వినబడదు. దాని స్థానంలో తార్ షెహనాయ్ అనే వాద్యం పైస్థాయిలో మోగుతుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లలు ఫోను స్పీకరు పాడైందనుకున్నారు. ఆ రోజు నోటుబుక్కులో చివరి గడిని ఖాళీగా వదిలేశారు. ఈసారి ఫైటు కుర్రవాడే ఆ గడి నింపాడు. 'గొంతు వినిపిస్తే అది ఆమె ఏడుపు. వినిపించలేదు గనుక మనది.' అక్షరాల తప్పులు దిద్ది ఇచ్చాము, మాట మాత్రం వాడిదే.

మరునాడు 54వ షాట్ కొట్టివేశారు. దానితోపాటు ఏడుపు చుట్టూ అల్లుకున్న షాట్లు కూడా వరుసగా రాలిపోయాయి. బాబు వెనుక నుండి ఒకటే తీశారు. అరుగు మీద వాడి వీపు, ఎదురుగా చీకటి పడుతున్న తోట, ప్రక్కన ఫోను. వాడు కాలి బొటనవేలితో నేల మీద ఏదో గీస్తూ ఉంటాడు. 22 సెకన్లు. తీసేటప్పుడు ఏమి ఆలోచించావని అడిగితే, కాలికి చీమ కుట్టిందన్నాడు.

ఎడిటింగుకు నాలుగు రోజులు. పెళ్ళి వీడియోల అనుభవం ఇక్కడ పనికివచ్చింది, ఏమేమి చేయకూడదో చెప్పడానికి. హృదయాకారాలు, ఎగిరే రేకులు, మెరుపులు అన్నీ ఆ సాఫ్ట్‌వేరులో చేతికి అందేచోటే ఉంటాయి. శబ్దాలు విడిగా పట్టుకొచ్చి కలిపారు. గాలికి కొబ్బరాకుల చప్పుడు, దూరాన మోటారుపడవ, గోడగడియారం. 61 కాస్తా 38 అయింది. నిడివి 7 నిమిషాల 20 సెకన్లు. లోపాలు లేకపోలేదు. అన్నం సన్నివేశంలో అమ్మమ్మ చేతిలో గరిటె ఒక షాట్‌లో ఉంటుంది, తరువాతి షాట్‌లో ఉండదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని పిల్లలు ఇప్పటికీ భయపడుతుంటారు.

మొదట చూపించింది వాళ్ళ వసారాలోనే, గోడకు దుప్పటి కట్టి. పాతిక మంది దాకా వచ్చారు. తండ్రి వెనుక నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి కొబ్బరిబొండాలు కొట్టి తెచ్చి అందరికీ ఇచ్చాడు. ఆ రాత్రే తల్లికి వాట్సాప్‌లో పంపించారు.

మరునాడంతా ఆమె నుండి మాట లేదు. పిల్లలు గంటగంటకు ఫోను చూసుకున్నారు. ఆ మరుసటి రోజు రాత్రి పన్నెండున్నరకు బాబు అమ్మమ్మ ఫోనుకు చేసింది. మేమూ అక్కడే ఉన్నాము. సినిమా ఎలా ఉన్నదో ఆమె చెప్పలేదు. పిల్లవాడు చిక్కాడని గాని, బాగా చేశాడని గాని అనలేదు.

"అమ్మా, పెరట్లో జామచెట్టు ఏమైందే?" అని అడిగింది.

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జామచెట్టు సంగతి మాలో ఎవరికీ తెలియదు. నోటుబుక్కు తెచ్చి వెతికితే అది 12వ షాట్. బాబు నూతి దగ్గర ముఖం కడుక్కుంటాడు, 4 సెకన్లు. వాడి వెనుక కొంచెం ఖాళీ నేల, దూరంగా దడి. మేము ఆ షాటును వందసార్లయినా చూసి ఉంటాము.

ఆ చెట్టు ఆమె నాటినదట. కిందటేడు గాలివానకు పడిపోయింది. అమ్మమ్మ ఆ సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.